తెర మీద నుంచి తొలగించిన గది

భయానక చిత్రాల గురించి ఈ పత్రికలో రాయవలసి వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. మా పాఠక కుటుంబాలలో సినిమాలకు దూరంగా ఉండేవారు చాలామంది. చూసేవారిలో కూడా ఈ రకం చిత్రాలను ఇంటిల్లిపాదీ కూర్చొని చూసేవారు అరుదు. అయినప్పటికీ ఒక అమెరికన్ చిత్రం గురించి, ముప్పై ఏడేళ్ల తరువాత వచ్చిన దాని రీమేకు గురించి ముందుగా నాలుగు మాటలు చెప్పి, ఆ మీదట గద్వాల సంగతికి వస్తాము. 2020 ఏప్రిల్‌లో గద్వాలలో ఉన్నవారికి ఆ కథ కొత్తగా అనిపించదు.

జార్జ్ రొమేరో అనే దర్శకుడు 1973లో ‘ది క్రేజీస్’ అనే చిత్రం తీశాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఎవాన్స్ సిటీ అనే చిన్న ఊరి దగ్గర సైన్యానికి చెందిన విమానం కూలిపోతుంది. అందులో ఉన్నది రహస్యంగా తయారు చేసిన జీవాయుధం. అది తాగునీటిలో కలుస్తుంది. ఆ నీరు తాగినవారిలో కొందరు చనిపోతారు, కొందరు మతి తప్పి హంతకులవుతారు. తెల్లని తొడుగులు, మాస్కులు వేసుకున్న సైనికులు వచ్చి ఊరిని దిగ్బంధిస్తారు. ఇంతవరకు మామూలు కథే. అయితే రొమేరో కెమెరాను ఊరి వీధుల్లోనే ఉంచలేదు. అధికారుల గదుల్లోకి కూడా తీసుకువెళ్లాడు. ఫోన్లలో పోట్లాడుకునే అధికారులు, పై నుంచి ఆదేశం రాలేదని చేతులు ముడుచుకున్న అధికారులు, అవసరమైతే ఊరి మీద అణుబాంబు వేయవచ్చా అని బల్ల చుట్టూ కూర్చొని చర్చించేవారు, వీరందరి ముఖాలూ తెర మీద కనిపిస్తాయి. మందు కనిపెట్టబోయిన శాస్త్రవేత్తను రోగి అనుకొని సైనికులు గుంపులో కలిపి నెట్టుకుపోతారు. ఆ తోపులాటలో ఆయన మెట్ల మీద నుంచి పడతాడు, చేతిలోని సీసాలు పగిలిపోతాయి. ఊరిని చంపింది విషమా, ఫైలా అన్న ప్రశ్నతో ప్రేక్షకుడు బయటికి వస్తాడు.

2010లో బ్రెక్ ఐస్నర్ దీనిని మళ్లీ తీశాడు. రొమేరో కూడా నిర్మాతలలో ఒకడు. ఈసారి ఊరు అయోవా రాష్ట్రంలోని ఆగ్డెన్ మార్ష్ అనే కల్పిత గ్రామం. పనితనంలో రీమేకు మెరుగైనదని మేము ఒప్పుకుంటాము. అందులో ఒక దృశ్యం ఉంది. ఊరి షెరీఫ్ భార్య స్వయంగా డాక్టరు, పైగా గర్భవతి. ఊరి జనాన్ని బడి ఆవరణలో వరుసగా నిలబెట్టి ఒంటి వేడి చూస్తారు. ఆమెకు కాస్త ఎక్కువ ఉంటుంది. కారణం గర్భం. ఆ మాట చెప్పినా వినేవారుండరు. ఆమెను భర్త నుంచి విడదీసి రోగుల వైపు ఈడ్చుకుపోయి మంచానికి కట్టేస్తారు. ఈ దృశ్యాన్ని పాఠకులు కొంచెంసేపు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

రీమేకులో లేనిది ఆ అధికారుల గది. కథ మొత్తం ఊరివాళ్ల కళ్లతోనే నడవాలని ఐస్నర్ నిర్ణయించుకున్నాడు. ప్రభుత్వం తప్పు చేసిందని కథలో తెలుస్తుంది, అది దాచలేదు. కాని నిర్ణయం తీసుకున్న మనిషి ముఖం కనిపించదు. కనిపించేవి మాస్కులు, వాటి ముందు నెత్తురు కక్కే పొరుగువాళ్ల ముఖాలు. భయం రెట్టింపైంది, ప్రశ్న సగమైంది. సినిమాకు అది చెల్లుతుంది. దేశానికి చెల్లదు.

మన దేశంలో తీసిన రీమేకు 2020 మార్చి 30 రాత్రి మొదలైంది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో ప్రార్థనలకు వెళ్లివచ్చినవారిలో ఆరుగురు చనిపోయారని ఆ రాత్రి తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం ప్రకటించింది. ఇద్దరు గాంధీ ఆసుపత్రిలో, ఇద్దరు రెండు ప్రైవేటు ఆసుపత్రులలో, ఒకరు నిజామాబాద్‌లో, ఒకరు గద్వాలలో. ఈ ప్రకటనను మేము తప్పు పట్టము. వెళ్లివచ్చినవారు తెలియజేయాలని, పరీక్షలు, వైద్యం ఉచితంగా చేస్తామని అందులో ఉంది. అది ప్రభుత్వం చేయవలసిన పనే. ఆ ఆరు ఇళ్లకు మేము ఈనాటికీ సంతాపం తెలుపుతాము. చాలా ఇళ్లలో ఆ రోజుల్లో జనాజాకు భుజం ఇవ్వడానికి మనుషులు లేకపోయారు.

తెల్లవారేసరికి ఆ ప్రకటన సినిమాగా మారింది. టీవీ చానెళ్లలో ఆరుగురు మృతులు ఆరుగురు నేరస్థులయ్యారు. ‘కరోనా జిహాద్’ అనే మాట దేశమంతా తిరిగింది. మధ్యప్రదేశ్ రాయసేన్‌లో ఒక ముసలి పండ్ల వ్యాపారి పండ్లకు ఉమ్ము రాస్తున్నాడని వీడియో పంచారు. అది ఫిబ్రవరి నాటిదని, మహమ్మారితో సంబంధం లేదని తరువాత తేలింది. పోలీసు వ్యానులో ఉమ్మిన మనిషి జమాత్ సభ్యుడని మరొకటి పంచారు. అతడు ముంబైలో వేరే కేసులో విచారణ ఖైదీ, ఆ దృశ్యం కూడా ఫిబ్రవరిదే. తప్పని తేలిన వార్త మొదటి వార్త తిరిగినన్ని ఫోన్లలో తిరగదు. మన వీధుల్లో తోపుడుబండి నడుపుకునే అన్నదమ్ములను అడగండి, ఆ వేసవి వ్యాపారం ఎట్లా సాగిందో వాళ్లే చెబుతారు.

ఆ సినిమాలో తొలగించిన గది ఏది? మార్చి 13న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని చెప్పింది. యాభై మందికి మించి గుమిగూడరాదని ఢిల్లీ ప్రభుత్వం చెప్పింది మార్చి 16న. మర్కజ్‌కు వచ్చిన విదేశీయులు గోడలు దూకి రాలేదు, ప్రభుత్వమే ఇచ్చిన వీసాలతో, ప్రభుత్వమే కాపలా కాసే విమానాశ్రయాల గుండా వచ్చారు. మార్చి మూడో వారంలోనే కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా బృందంలో వ్యాధి బయటపడింది. అంటే హెచ్చరిక మన రాష్ట్రం నుంచే, లాక్‌డౌన్‌కు ముందే వచ్చింది. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటన వెలువడింది, నాలుగు గంటల్లో దేశం మూతపడింది. రైళ్లు ఆగిన నగరంలో ఇరుక్కుపోయినవారు ఎక్కడికి పోవాలి? ఈ తేదీలన్నిటి వెనుక ఒక్కొక్క గది ఉంది, అందులో ఒక్కొక్క బల్ల, ఒక్కొక్క సంతకం. తెర మీద మాత్రం టోపీలు, గడ్డాలు మాత్రమే కనిపించాయి.

అంకెల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏప్రిల్ 18న కేంద్రం దేశంలోని 14,378 కేసులలో 4,291 జమాత్‌తో సంబంధం ఉన్నవని ప్రకటించింది. అంకె అబద్ధమని మేము అనము. కాని ఆ రోజుల్లో పరీక్ష సామగ్రి తక్కువ, ఎవరికి పరీక్ష చేయాలన్నది అధికారుల నిర్ణయం. ఒక వర్గానికి చెందినవారిని, వారిని కలిసినవారిని, వారి ఇంటిల్లిపాదిని వెతికి వెతికి పరీక్షించారు. మిగతావారిలో జ్వరం, దగ్గు ఉన్నవారికి కూడా పరీక్ష దొరకడం కష్టంగా ఉండేది. దీపం పెట్టి వెతికిన మూలలోనే సూది దొరుకుతుంది. వెతకని మూలల్లో సూదులు లేవని దానివల్ల రుజువు కాదు. రోగులను మతం పేరిట లెక్కగట్టడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి మైక్ ర్యాన్ ఏప్రిల్ తొలివారంలోనే అన్నారు. మన దేశంలో ఆ మాట విన్నవారు తక్కువ.

మన వైపు నుంచి కూడా ఒక మాట. మర్కజ్ పెద్దలు ఆ సమావేశాలను ముందే ఆపి ఉండవలసింది. ఊళ్లలో కొందరు పరీక్షకు రాకుండా దాక్కున్నారు. ఆ దాపరికానికి మొదటి బలి వారి ఇంట్లో ఉన్న ముసలి తల్లిదండ్రులే. అంటురోగం ఉన్న చోటికి వెళ్లవద్దని, ఉన్న చోటి నుంచి బయటికి రావద్దని ప్రవక్త (స) బోధించిన సంగతి తెలిసిన సమాజం మనది. ఈ తప్పును కప్పిపుచ్చి వాదించడం మాకు ఇష్టం లేదు. కాని జాగ్రత్త లోపించడం వేరు, కుట్ర వేరు. 2021 ఏప్రిల్‌లో రెండో ఉద్ధృతి నడుమ హరిద్వార్ కుంభమేళాకు లక్షలాది మంది వెళ్లారు. వారిని ఎవరైనా జీవాయుధాలని పిలిచి ఉంటే మేము ముందుగా ఖండించి ఉండేవాళ్లం. అట్లా ఎవరూ పిలవలేదు, పిలవకపోవడమే సరి. ఆ మర్యాద మాకెందుకు దక్కలేదన్నదే మా ప్రశ్న.

ఇక గద్వాల. 2020 ఏప్రిల్ మధ్యలో కేంద్రం ప్రకటించిన హాట్‌స్పాట్ జిల్లాల జాబితాలో జోగులాంబ గద్వాల ఉంది, తుంగభద్రకు అవతలి ఒడ్డున కర్నూలూ ఉంది. వీధులకు అడ్డంగా కర్రలు కట్టారు. రోగం అదుపునకు అది అవసరమే కావచ్చు. అయితే ఆ కర్రల వెనుక ఉన్న ఊరికి ఒక పేరు అంటుకుంది. ఆ పేరు ముందు మర్కజ్‌కు వెళ్లినవారిది, ఆ తరువాత ముస్లింలది, చివరకు గద్వాల అనే మాట పలికిన ప్రతి మనిషిదీ అయింది.

ఆ నెలాఖరున ఈ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని నెలలు నిండి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఇరవై ఏళ్ల అమ్మాయి. ఒక ఆసుపత్రి నుంచి మరొక దానికి, గద్వాల నుంచి మహబూబ్‌నగర్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, హైదరాబాద్‌లో మళ్లీ ఒక చోటు నుంచి మరొక చోటుకు తిప్పారు. కంటైన్‌మెంట్ జోన్ నుంచి వచ్చిందన్న కారణంతో ఆమెను చేర్చుకోలేదని వార్తలు వచ్చాయి. బిడ్డ దక్కలేదు, తల్లీ దక్కలేదు. తెలంగాణ హైకోర్టు దీనిని విచారణకు తీసుకొని ప్రభుత్వాన్ని వివరణ కోరింది. ఆమె మతం ఏమిటన్నది ఇక్కడ అప్రస్తుతం. ఊరి పేరే చాలింది. ఐస్నర్ సినిమాలో ఆ డాక్టరమ్మను కట్టేసిన మంచం గుర్తుందా? అక్కడ ఆమె భర్త వచ్చి కట్లు విప్పుతాడు. ఆమె బతుకుతుంది. సినిమా కనుక.

ముస్లింల మీద వేసిన ముద్ర ముస్లింల దగ్గరే ఆగిపోతుందని సంతోషించినవారికి ఆ తల్లి చావు సమాధానం. అక్కడితో కూడా ఆగలేదు. మే నెలలో రాష్ట్ర ఆరోగ్య బులెటిన్లలో వలస కూలీలను వేరే వరుసలో లెక్కగట్టారు. నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి పొట్ట చేతపట్టుకొని ముంబై దాకా పోయి వచ్చిన పాలమూరు కూలీ అంతకు ముందు నెలలో టీవీ చూసి మమ్మల్ని అనుమానించాడేమో మాకు తెలియదు. మరుసటి నెలలో అనుమానం అతని గుమ్మం ముందుకే వచ్చింది. 2016 అక్టోబరు వరకు ఈ ప్రాంతమంతా ఒకే జిల్లా. పీర్ల పండుగనాడు సవారి ముందు దండం పెట్టే చేతులు ఎవరివని అడిగే అలవాటు ఇక్కడ లేదు. అలంపురంలో గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. అటువంటి నేల మీద కూడా ఒక్క వారం టీవీ ఎంత పని చేసిందో చూశాము.

కెమెరా ఎటు తిరిగితే న్యాయం అటు కదులుతుంది. దీనికి వనపర్తి సాక్ష్యం. అదే ఏప్రిల్ మొదటి రోజుల్లో, లాక్‌డౌన్‌లో బయటికి వచ్చాడని ఒక మనిషిని పోలీసులు కొడుతుంటే, పక్కనే అతని పసివాడు వదలమని ఏడుస్తున్న వీడియో రాష్ట్రమంతా చూసింది. మంత్రి స్పందించారు, కానిస్టేబుల్ సస్పెండయ్యాడు. అక్కడ తెర మీద లాఠీ కనిపించింది, కాబట్టి లాఠీ పట్టినవాడిని అడిగారు. గద్వాలలో తెర మీద రోగి మాత్రమే కనిపించాడు, కాబట్టి రోగినే అడిగారు: ఎందుకు వెళ్లావు, ఎవరిని కలిశావు, ఎందుకు బతికి వచ్చావు?

నదికి అవతల కూడా ఒక మనిషి ఉండేవాడు. కర్నూలులో డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్‌ను జనం రెండు రూపాయల డాక్టరని పిలిచేవారు. ఫీజు అడిగేవాడు కాడు, ఉన్నంత పెట్టిపోవచ్చు. కర్నూలువాళ్లే కాదు, తుంగభద్ర దాటి గద్వాల పల్లెల నుంచి, ఇటు రాయచూరు నుంచి కూడా బీదవాళ్లు ఆయన దగ్గరకు పోయేవారు. మహమ్మారి మొదలైన తరువాత కూడా రోగులను చూడటం మానలేదు. 2020 ఏప్రిల్ 14న ఆ వ్యాధితోనే చనిపోయాడు. డెబ్బై ఆరేళ్లు. వేలాది మంది నడవవలసిన జనాజా, నిబంధనల వల్ల కొద్దిమందితోనే ఖబరస్తాన్‌కు చేరింది. టీవీలో ముస్లిం అంటే వ్యాధిని పంచేవాడని మోగిపోతున్న అదే వారంలో, వ్యాధిగ్రస్తులకు చేయి పట్టి చూస్తూ ఒక ముస్లిం వైద్యుడు పోయాడు. ఆ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చూపిన చానెల్ మాకు కనిపించలేదు.

తుంగభద్ర మీద ఆ దారికి మరొక కథ ఉంది. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు రోగులను తెస్తున్న ఆంబులెన్సులను మన గద్వాల జిల్లాలోని పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైందన్న కాగితం, అనుమతి కావాలన్నారు. ఆక్సిజన్ మీద ఉన్న మనుషులు రోడ్డు మీద ఎండలో ఆగిపోయారు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఎవరి మతమూ ఇందులో లేదు. గద్వాల బీదవాడు మందు కోసం దక్షిణానికి దాటిన దారిలోనే, ఏడాది తరువాత ప్రాణం కోసం ఉత్తరానికి వచ్చినవాడిని అడ్డుకున్నారు. ఈ ఉత్తర్వు ఏ గదిలో పుట్టింది? ఆ గదిని చూపిన సినిమా ఏది?

తెలుగులో తొలి జాంబీ చిత్రంగా చెప్పుకున్న ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న విడుదలైంది. ప్రశాంత్ వర్మ దర్శకుడు. కథ నడిచేది కర్నూలు వైపు. అది ఫ్యాక్షన్ సినిమాలను ఆటపట్టించే హాస్యచిత్రం, దాని మీద మాకు కోపం లేదు. ఎవరినీ నొప్పించాలని తీసినది కాదు. కాని పది నెలల ముందు నిజంగా మూతపడిన కర్నూలు, గద్వాలల గురించి కథ రాయాలని ఇంతవరకు ఎవరికీ తోచకపోవడం మాకు విడ్డూరంగానే ఉంది. రోగి పళ్లు కొరుకుతూ పరిగెత్తుకువస్తే సినిమా అవుతుంది. రోగి ఆంబులెన్సులో పడుకొని టోల్‌గేటు దగ్గర వేచి ఉంటే కాదు కాబోలు.

న్యాయస్థానాలు చెప్పినది మన పిల్లలు కంఠస్థం చేయదగినది. 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఇరవై తొమ్మిది మంది విదేశీయుల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వాలు బలిపశువులను వెతుకుతాయని, వీరిని అట్లా ఎంచుకున్నట్టు కనిపిస్తోందని వ్యాఖ్యానించింది. జమీయత్ ఉలమా-ఎ-హింద్ మీడియా ధోరణి మీద సుప్రీంకోర్టుకు వెళితే, విషయం లేని అఫిడవిట్ దాఖలు చేసినందుకు ఆ అక్టోబరులో ప్రధాన న్యాయమూర్తి కేంద్రాన్ని మందలించారు. డిసెంబరులో ఢిల్లీ కోర్టు ముప్పై ఆరుగురు విదేశీయులను నిర్దోషులని విడుదల చేసింది. చివరకు 2025 జులై 17న ఢిల్లీ హైకోర్టు డెబ్బై మంది భారతీయుల మీద ఉన్న పదహారు కేసులను కొట్టివేసింది. ఐదేళ్లు. అందులో పలువురు చేసిన నేరం, నడవడానికి రైలు లేనప్పుడు వచ్చిన అతిథికి నీడనివ్వడం. 2020 మార్చి 31న చానెళ్లు ఎన్ని గంటలు అరిచాయో, 2025 జులై 17న ఎన్ని నిమిషాలు ఇచ్చాయో ఎవరైనా లెక్కగట్టి చెబితే ప్రచురిస్తాము.

కొందరు మాతో అంటున్నారు: అయిపోయిన సంగతి, ఎందుకు తవ్వుతారు? మరో వ్యాధి వచ్చినప్పుడు ఇదే సినిమాను మళ్లీ తీస్తారు కనుక. తీసేవారికి పాత రీలు సిద్ధంగా ఉంది. మన దగ్గర ఏముంది? ఎవరి బండి ఏ వీధిలో ఆపారు, ఎవరి పిల్లలకు ఏ దుకాణంలో పాలు ఇవ్వలేదు, ఏ పొరుగు హిందూ కుటుంబం గోడ మీదుగా బియ్యం అందించింది, ఇవన్నీ నోటి మాటగానే ఉన్నాయి. ముసలివాళ్లు పోతే అవీ పోతాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పాఠకులు తేదీతో, వీధి పేరుతో రాసి మాకు పంపండి. చేదుతో పాటు తీపినీ రాయండి, గోడ మీదుగా వచ్చిన బియ్యాన్ని మరిచిపోతే మనమూ గదిని తొలగించినవాళ్లమే అవుతాము.

రెండవది ఆ గదులను అడగడం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. జిల్లా కార్యాలయానికి దరఖాస్తు రుసుము పది రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. తెలుగులో రాయవచ్చు, రాష్ట్ర రెండవ అధికార భాష కనుక ఉర్దూలోనూ రాయవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కంటైన్‌మెంట్ జోన్ గర్భిణుల విషయంలో 2020 ఏప్రిల్‌లో గద్వాల నుంచి ఏ ఆసుపత్రికి ఏ ఉత్తర్వు వెళ్లింది? జిల్లాలో ఎందరికి పరీక్ష చేశారు, అందులో మర్కజ్‌తో సంబంధం లేనివారు ఎందరు? పుల్లూరులో ఆంబులెన్సులను ఆపమన్న కాగితం మీద సంతకం ఎవరిది? ఒక్కొక్క దరఖాస్తులో ఒక్కొక్క ప్రశ్నే రాయండి, కలిపి రాస్తే కలిపి తోసిపుచ్చుతారు. రసీదు తప్పక తీసుకోండి. కాలం చెల్లిన ఫైళ్లను తీసివేసే నిబంధన ప్రతి కార్యాలయంలోనూ ఉంటుంది. ఇప్పటికే ఐదేళ్లు దాటిపోయాయి.